మహానంద షెడ్డులో రెండు దయ్యాల సినిమాలు

కన్నడ గడ్డ మీది నౌబాద్‌లో మూతపడ్డ రేకుల షెడ్డును అద్దెకు తీసుకుని మెస్సు పెడతానని మహానంద అన్నప్పుడు ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. భర్త వీరేశ్‌కు ఆ పక్కనే పప్పు మిల్లులో పని. షెడ్డులో గజ్జెల చప్పుడు వినబడుతుందని మిల్లంతా చెప్పుకునేది. అత్త చంద్రవ్వ ఆ గేటు ముందు నుంచి పోవాల్సి వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పోయేది.

మహానంద పుట్టినూరు దుబల్గుండి. చిన్నప్పుడు నాన్న వెంట హుమ్నాబాద్ వెళ్లి పాత దయ్యాల సినిమాలు ఎన్నో చూసింది. తెర మీద తలుపు దానంతటదే తెరుచుకుంటే హాలంతా కళ్లు మూసుకునేది. ఆమె మాత్రం తాడు ఎక్కడ కట్టారా అని వెతికేది. అలాంటి మనిషి గజ్జెలకు జంకుతుందా? షెడ్డు కడిగించి, సున్నం వేయించి, జొన్నరొట్టెల మెస్సు తెరిచింది. మిల్లు మనుషులు గేటు దాకా వచ్చి పార్సిల్ కట్టివ్వమనేవారు. లోపల ఒక్కరూ కూర్చునేవారు కాదు. రొట్టెలు మిగిలిపోయేవి.

దయ్యం లేదని చెబితే అందరూ తలూపారు, కానీ గడప దాటలేదు. ఇక చెప్పడం మానేసింది. పెళ్లి వీడియోలు తీసే ప్రకాశ్‌ను పిలిచి పరదా, ప్రొజెక్టర్ తెమ్మంది. ఆదివారం మధ్యాహ్నం రెండు దయ్యాల సినిమాలు, ఒకటి తెలుగు, ఒకటి హిందీ, రెండూ నలుపు తెలుపు కాలానివి, అందరూ రావచ్చని మిల్లు గేటు దగ్గర నిలబడి చెప్పింది.

"దయ్యమున్న జాగల దయ్యం సినిమానా? నీకేమన్న పిచ్చి పట్టిందా?" అంది చంద్రవ్వ.

"ఉంటే అది గూడ సూస్తది అత్తమ్మా. చాప ఏస్త, మీరు ముందల కూసోండ్రి."

ముందు ఆడవాళ్లు వచ్చారు. వాళ్లు వచ్చాక మగవాళ్లకు రాక తప్పలేదు. కిటికీలకు గోనెసంచులు కట్టారు. మొదటి సినిమాలో చచ్చిపోయిన పెళ్లికూతురు దీపం పట్టుకుని మేడ మెట్లు దిగుతుంటే ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. కొందరు బయట ఎండలో కాసేపు నిలబడి మళ్లీ లోపలికొచ్చారు. మధ్యలో మహానంద చాయ్, మిర్చీలు పంచింది. ఇంటికి పోతామన్నవాళ్లు లేరు.

రెండో సినిమాలో హీరో పాడుబడ్డ బావిలోకి లాంతరు దించి తొంగిచూస్తున్నాడు. అప్పుడే షెడ్డు పైన ధడేల్మని చప్పుడైంది. రేకుల మీద ఎవరో పరుగెత్తినట్టు, ఆ వెంటనే ఘల్లుఘల్లుమని మోత. వీరేశ్ లేచి నిలబడ్డాడు.

"కూసోరా. బావిల ఏమున్నదో సూడనియ్యి," అంది చంద్రవ్వ, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

మిగతావాళ్లూ కదల్లేదు. మహానంద మెల్లగా బయటికెళ్లి పైకి చూసింది. పాత పొగగొట్టానికి వేలాడుతున్న ఇనుప గొలుసును ఒక కోతి పట్టుకుని ఊపుతోంది.

సినిమా అయ్యాక అందరినీ తీసుకెళ్లి గొలుసు చూపించింది. కొందరు నవ్వారు, కొందరు తల గోక్కున్నారు. చంద్రవ్వ దాన్ని పట్టించుకోనే లేదు. సినిమా చివర్లో బావిలోని ఆడ దయ్యాన్ని అంత తేలిగ్గా శాంతింపజేయడం అన్యాయమని పక్కింటి జగదేవితో వాదిస్తోంది. ఆ వాదనలోనే ఇద్దరూ లోపలికెళ్లి రొట్టెలకు కూర్చున్నారు, వాళ్ల వెనక మిగతావాళ్లు. పిండి సరిపోక మహానంద మళ్లీ కలిపింది.

ఇప్పుడు మిల్లువాళ్లు దాన్ని దయ్యం మెస్సు అంటున్నారు. వీరేశ్‌కు అది నామోషీగా తోచింది. మహానంద మాత్రం అదే పేరును పెద్ద కన్నడ అక్షరాలతో బోర్డు మీద రాయించింది.