ఛాతీ అని రాసిన కరపత్రం

ఒక్క మాట రాయడానికి సిగ్గుపడితే, ఆ తప్పు ఎంత దూరం పోతుంది? ఈ ప్రశ్న కొన్నేళ్లుగా నాతోనే తిరుగుతోంది. అడగదగిన మనిషి ఒక్కరే ఉండేవారు. పోయిన నెల భద్రాచలం నుంచి ఒక కార్డు వచ్చింది. మా డ్రిల్లు టీచరు కాలం చేశారని, నిద్రలోనే పోయారని ఆమె తమ్ముడి కూతురు రాసింది. చావు కబురు తెచ్చిన కార్డును చదవగానే చింపేయాలని, ఇంట్లో ఉంచకూడదని మా అమ్మ అంటుండేది. నేను చింపలేదు. అటెండెన్సు రిజిస్టరులో దాచుకున్నాను.

మాది ములకలపల్లి వైపు, అడవి అంచున ఉన్న బడి. చుట్టుపక్కల గూడేల ఆడపిల్లలు హాస్టల్లో ఉండి చదువుకునేవారు. నేను యూనివర్సిటీలో తెలుగు ఎం.ఏ. చేసి అక్కడ చేరేసరికి డ్రిల్లు టీచరు ఆ బడిలో పాతుకుపోయి ఉన్నారు. నీలం అంచు తెల్లచీర, కాళ్లకు మగవాళ్ల కాన్వాసు బూట్లు, మెడలో నల్లదారానికి వేలాడే ఈల. పెళ్లి చేసుకోలేదు. "టీచరమ్మకు తాళి లేకపాయె, ఈల ఉండె" అని ఊళ్లో ఆడవాళ్లు నవ్వేవారు. ఆమెకు వినపడేది. "తాళైతే ఊదరాదు గదనే" అని ఆమే ముందు నవ్వేవారు.

పిల్లల్ని పరుగెత్తించేటప్పుడు ఆమె ఎప్పుడూ ముందు ఉండేవారు కాదు. అందరికంటే వెనకబడ్డ పిల్ల వెనక, నాలుగడుగుల దూరంలో వచ్చేవారు. ఎందుకని అడిగితే, "ముందటోళ్లకు తొవ్వ కనబడ్తది. ఎనుకటోళ్లకు ఎవరన్న మనిషి ఉండాలె" అన్నారు. నన్ను 'సదువులమ్మా' అని పిలిచేవారు. అందులో వెక్కిరింత ఉండేది, ముద్దు కూడా ఉండేది. ఏది ఎక్కువో నాకెప్పుడూ తెలియలేదు.

తొంభైల మొదట్లో జరిగింది ఇది. హాస్టల్లో వంట చేసే ఆయమ్మ, పొయ్యి మీంచి అన్నం గంజు దింపుతూ ఒక పక్కకు ఒరిగిపోవడం డ్రిల్లు టీచరే కనిపెట్టారు. "భుజం పట్టిందమ్మా" అని ఆయమ్మ తప్పించుకోబోయింది. ఆమె వదల్లేదు. వంటగది తలుపు వేసి చూశారు. రొమ్ములో గడ్డ. మర్నాడే బస్సెక్కించి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారు. అక్కడివాళ్లు హైదరాబాదు పొమ్మన్నారు. ఆపరేషన్ కావాలన్నారు, దాని తర్వాత చాలా రోజుల మందులు, రాకపోకలు.

తిరిగొచ్చిన సాయంత్రం మైదానం గట్టు మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ, "ఉరుకుదమే" అన్నారు నాతో.

"ఎక్కడికక్కా?"

"వాగు దాక పోయి రావాలె. పిల్లలు, తల్లులు, ఎవరొస్తె వాళ్లు. ఉరికేటోళ్లు ముందుగాల ఇంటింటికి పోయి, వాగు దాక పోయొస్తె మా ఆయమ్మకు ఏమిస్తరని అడగాలె. ఆమెకు పోను మిగిలింది, గూడేలల్ల ఇంకెవరికన్న గిట్లాంటి గడ్డ ఉంటె పట్నం పోయి సూపిచ్చుకోను."

"చందా అడిగితే సరిపోదా?"

"చెయ్యి చాపి అడిగితె ఇచ్చేటోడు పెద్దోడైతడు. ఉరికి అడిగితె ఇద్దరం సమానం. అయినా, నాకొచ్చింది ఉరుకుడు ఒక్కటే గదా."

కరపత్రం రాసే పని నాకు అప్పగించారు. తన వంకర అక్షరాలతో ఒక చిత్తుప్రతి కూడా ఇచ్చారు. అందులో 'రొమ్ము క్యాన్సర్' అని స్పష్టంగా ఉంది. నేను నకళ్లు తీసే స్టెన్సిల్ మీద రాయడం మొదలుపెట్టాను. ఆ మాట దగ్గరికి రాగానే చెయ్యి ఆగింది. ప్రబంధాల్లో ఆ అవయవానికి ఉన్న పేర్లన్నీ చదివి, వర్ణనల మీద వ్యాసాలు రాసి, మంచి మార్కులతో పాసైన దాన్ని. కుచమనీ స్తనమనీ పరీక్షలో రాసిన చెయ్యే, ఊరి మనుషులు చదివే కాగితం మీద ఆ ఒక్క మాట రాయలేకపోయింది. హెడ్మాస్టరు చదవాలి, తండ్రులు చదవాలి, కింద నా పేరుంటుంది. 'ఛాతీ జబ్బు' అని రాశాను. మర్యాదగా ఉందనుకున్నాను. హెడ్మాస్టరు కూడా చదివి, "పద్ధతిగా రాసిన్రమ్మా" అని అనుమతి సంతకం అక్కడికక్కడే పెట్టేశారు. ఆ సంతకం సంగతి కాస్త గుర్తుంచుకోండి.

కరపత్రాలు గూడేలకు చేరాయి. మూడోరోజు పొద్దున్నే నలుగురు తండ్రులు వచ్చి ఆఫీసు ముందు నిలబడ్డారు.

"ఏంది సారు, ఛాతి జబ్బు మనిషితోని మా పిల్లలకు బువ్వ వండిపిస్తున్నరా?"

అప్పుడు అర్థమైంది నేను చేసింది. ఆ వైపు ఛాతీ జబ్బు అంటే ఒక్కటే అర్థం: టీబీ. దగ్గితే అంటుకునేది, గిన్నె వేరు పెట్టేది. ఇద్దరు తండ్రులు అప్పుడే ట్రంకుపెట్టెలు భుజాన వేసుకుని పిల్లల్ని ఇంటికి తీసుకుపోయారు. మధ్యాహ్నానికి ఆయమ్మను వంటగదిలోంచి తప్పించారు. ఆమె వెనక వరండాలో చింతకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. పక్కన ఆమె పళ్లెం, ఆమె చెంబు, విడిగా.

నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. నేనూ ఒక చింతకాయ తీసుకున్నాను. ఆమే అంది: "గడ్డ అన్నప్పుడు ఏడుపు రాలే బిడ్డా. చేతిలకెల్లి గంటె గుంజుకున్నరు సూడు, గప్పుడొచ్చింది. మందులొద్దు, పట్నమొద్దు. నన్ను మల్ల వంటింట్లకు రానియ్యమను."

సాయంత్రం హెడ్మాస్టరు అందరినీ పిలిచి కరపత్రం బల్ల మీద పెట్టారు. "క్యాన్సరైతే క్యాన్సరని రాయాలె గదా. ఈ మాట ఎవరు పెట్టిన్రు?" నేను బల్ల మీది కాగితం వైపే చూస్తున్నాను. అర నిమిషం కూడా పట్టి ఉండదు. అంతలోనే, "నేనే గట్ల రాయమన్న సార్" అన్నారు డ్రిల్లు టీచరు. నా వైపు చూడలేదు. ఆమె చేతిరాత చిత్తుప్రతి అప్పుడు నా చేతిసంచిలోనే ఉంది. తీసి చూపించలేదు నేను.

మర్నాడు సంత. డప్పు కొట్టి చాటింపు వేసే అతన్ని పట్టుకుని ఏం చెప్పాలో చెప్పారామె. అతను తల అడ్డంగా ఊపాడు.

"గా మాట నా నోట రాదు టీచరమ్మా. మా అమ్మ గూడ సంతల్నే ఉన్నది."

"ఉంటె ఏందిరా? పుట్టంగనే దేన్ని పట్టుకొని బతికినవ్? అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెక్కడికెల్లి వచ్చింది?"

పక్కనే చింతపండు అమ్ముకుంటున్న వాళ్లమ్మే ముందుగా నవ్వింది. "మంచిగడుగు టీచరమ్మా! మూడేండ్లు ఇడిసిపెట్టలే వీడు."

సంత అంతా నవ్వింది. ఆ నవ్వు ఆగేలోపే ఆమె ఈల ఊదారు. "ఇనుండ్రి! మా ఆయమ్మది ఛాతి జబ్బు కాదు. రొమ్ములో గడ్డ. రొమ్ము! ఇంటున్నరా? అది అంటుకునేది కాదు. తానం చేసేటప్పుడు ఎవరిది వాళ్లు తడిమి సూసుకోండ్రి. గడ్డ తగిల్తె దాచుకోకుండ నా దగ్గరికి రాండ్రి. ఆదివారం పొద్దుగాల అందరం ఉరుకుతున్నం." కూరగాయల వరస దగ్గర ఒకసారి, ఉప్పుచేపల దగ్గర ఒకసారి, బట్టల దుకాణాల ముందు ఇంకోసారి చెప్పారు. ఏ ఒక్కసారీ ఆ మాట దగ్గర గొంతు తగ్గించలేదు, పెంచనూ లేదు. ఉల్లిగడ్డ అన్నట్టే అన్నారు. ఆమె వెనకే నడుస్తున్న నాకు చెవులు కాలిపోయాయి.

ఆదివారం ఇంతమంది వస్తారని నేననుకోలేదు. పిల్లలు, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకున్న తల్లులు, మొదట నవ్వడానికి వచ్చి తర్వాత కలిసిపోయిన మగవాళ్లు. ఇస్తామని మాటిచ్చినవాళ్లు కొందరు డబ్బు తెచ్చారు, కొందరు వడ్లు, చింతపండు. ఒకామె కోడిపెట్టను చంకలో పెట్టుకునే పరుగెత్తింది.

నేను తొందరగానే వెనకబడ్డాను. చూస్తే నా వెనక నాలుగడుగుల దూరంలో ఆమె. ఇదే సమయమనుకున్నాను. "అక్కా, ఆ కరపత్రంలో మాట..." అన్నాను రొప్పుతూ.

"ఉరికేటప్పుడు మాట్లాడితె కడుపుల నొప్పి లేస్తది. నడువు."

అంతే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ సంగతి ఆమె ఎత్తలేదు, నన్నూ ఎత్తనివ్వలేదు.

వాగు దగ్గరికి చేరేసరికి ముందు పోయినవాళ్లంతా ఆగిపోయి ఉన్నారు. మలుపులో మజ్జిగ కుండ పెట్టుకుని, చేతిలో గంటెతో ఆయమ్మ నిలబడి ఉంది. ఆమెను అక్కడ నిలబెట్టింది ఎవరో వేరే చెప్పాలా? అందరికీ దాహంగా ఉంది. ఎవరూ కదలడం లేదు. ఆయమ్మ గంటె కుండలో ముంచి, అలాగే పట్టుకుని ఉంది. నా పాపం అంతా ఆ గంటెలోనే ఉన్నట్టు అనిపించింది నాకు.

డ్రిల్లు టీచరు ఈల నోట్లో పెట్టుకున్నారు గానీ ఊదలేదు.

వెనకనుంచి సంతలో చింతపండు అమ్మే ముసలమ్మ అందరినీ మోచేతులతో తోసుకుంటూ వచ్చింది. "ఏం సూస్తున్నరే గట్ల? నోరెండుకపోతాంది. పొయ్యవే పిల్లా!" అని వంగి దోసిలి పట్టింది. ఆయమ్మ పోసింది. ముసలమ్మ మోచేతుల వెంట మజ్జిగ కారుతుండగా తాగి, మూతి తుడుచుకుని, "ఉప్పు తక్కువైంది" అంది. ఆ తర్వాత దోసిళ్లు ఆగలేదు. పిల్లను ఇంటికి తీసుకుపోయిన తండ్రుల్లో ఒకడు కూడా ఆ వరసలో ఉన్నాడు.

ఆయమ్మకు ఆపరేషన్ అయింది. కోలుకుని తిరిగొచ్చింది, వంటగదిలోకే. ఇప్పటికీ గంజు ఎడమచేత్తోనే దింపుతుంది. సంత తర్వాత ఇంకా కొందరు ఆడవాళ్లు డ్రిల్లు గది వెనకకు వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడిపోయారు. వాళ్లలో ఇద్దరిని డ్రిల్లు టీచరు తన వెంట పట్నం తీసుకుపోయారు. ఆ వివరాలు నాకు కూడా చెప్పలేదు. అలాంటి చోట ఆమె గొంతు కూడా తగ్గేది. మాట ఎక్కడ గట్టిగా అనాలో, ఎక్కడ మెల్లగా అనాలో తెలిసిన మనిషి. నేను చదివిన ఎం.ఏ. నాకు అది నేర్పలేదు. ఆమె నేర్పారు. అందుకు నేను ఆమెకు ఒక్కసారి కూడా నోరు తెరిచి కృతజ్ఞత చెప్పలేదు.

ఆ చిత్తుప్రతి ఇంకా నా దగ్గరే ఉంది. కార్డు పక్కనే పెట్టాను. ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకు ఆరోగ్యం గురించి చెప్పే రోజున, ఆమె సంతలో చెప్పినట్టే చెబుతాను. నల్లబల్ల మీద ఆ మాట రాస్తాను. 'రొ' రాశాక సుద్దముక్క ఒక్క క్షణం ఆగుతుంది, ఇన్నేళ్ల తర్వాత కూడా. నేనప్పుడు రొమ్ము అని రాసి ఉంటే హెడ్మాస్టరు సంతకం పెట్టేవారా? ఆ పరుగు జరిగేదా? ఛాతీ అని రాయబట్టే కదా ఆయమ్మ చేతిలో గంటె లాక్కున్నారు? నేను రాసింది ఆ మనిషికి మేలు చేసిందో కీడు చేసిందో నాకిప్పటికీ తేలలేదు. సుద్దముక్క ఆగిన ఆ క్షణంలో మాత్రం, నా వెనక నాలుగడుగుల దూరంలో ఎవరో కాన్వాసు బూట్లతో వస్తున్నట్టు ఉంటుంది. మిగతా అక్షరం రాసేస్తాను.