మానిక ముంచితే వచ్చిన మాట

నిన్న మా మనవరాలు బడి కోసమని నా చేత మెదడు బొమ్మ గీయించుకుంది. ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద గీసిన బొమ్మ కనుక చేయి దానంతటదే కదిలింది: పైన ముడతలు పడ్డ మస్తిష్కం, దాని వెనుక కిందుగా అనుమస్తిష్కం, అడుగున కాడలా మజ్జాముఖం. ఆలోచన, జ్ఞాపకం, మాట మొదటిదానివి, నడకలో తూలకుండా చూసేది రెండోది, మనం నిద్రపోయినా ఊపిరినీ గుండెనూ నడిపేది మూడోది అని చెబుతుంటే ఆ పిల్ల రాసుకుంది. మాట పుట్టే చోట చుక్క పెట్టమన్నప్పుడు మాత్రం నా పెన్సిలు ఎడమ కణత దగ్గర ఆగిపోయింది.

మా ఆవిడకు దెబ్బతిన్నది అక్కడే. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయి ఉంటుంది; భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న బడిలో నేనింకా సైన్సు చెబుతున్నాను. ఒక పొద్దున పొయ్యి దగ్గర కూలబడిన మనిషిని జీపులో ఖమ్మం దవాఖానాకు తీసుకుపోతే, డాక్టరు తలకు తీసిన ఫిల్మును వెలుతురుకు పట్టి, నేను పిల్లలకు చెప్పే పాఠమే నాకు చెప్పాడు. ప్రాణభయం లేదు, పడిపోయిన కుడి కాలూ చేయీ మెల్లగా కోలుకుంటాయి, మాట సంగతి మాత్రం చెప్పలేనన్నాడు. రోజంతా "ఇగో, వింటున్నవా" అని నన్ను పిలిచే మనిషి, ఇంటికొచ్చాక నా ముఖం చూసి పెదవులు కదిపి, ఏమీ రాక కళ్ళు దించుకునేది.

పద్ధతిగా చేస్తే ఏదైనా వస్తుందని నమ్మేవాణ్ణి. బడి నుంచి రాగానే అట్టముక్కల మీద అంకెలు రాసి, వేళ్ళు చూపించి పలికించబోయేవాణ్ణి. డైరీలో మాత్రం రోజూ ఒకటే రాత: నేడు మాట లేదు.

ఇల్లందు వైపు నుంచి ఆమె అక్క, అంటే మా వదిన, కందుల మూటతో చూడవచ్చింది. నేను వేలెత్తి "ఒకటి, ఒకటి" అని బతిమాలుతుంటే కాసేపు చూసి, "ఏంది సారూ, మా చెల్లె ఒకటో తరగతి పిల్లనా? జర జరుగు" అని నన్ను పక్కకు నెట్టి, మూట విప్పి, ఇంట్లో గింజలు కొలిచే మానికను చెల్లెలి ఎడమ చేతికిచ్చింది. మా ఆవిడ కందుల్లో ముంచి, బుట్టలో పోస్తూ "లాభం" అంది. ఆపైన రెండు, మూడు, నాలుగు, మూట అడుగంటేదాకా ఆగలేదు. కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అనడం మన ఇళ్ళల్లో ఎవరికి తెలియదు! పాఠం చెప్పేవాడికే అది తట్టలేదు. వదిన కళ్ళు తుడుచుకుంటూనే, "గన్ని బొమ్మలు గీసినవ్ గద సారూ, గీ మాట ఏ మూలకున్నదో కానరాలేదా?" అని ఎత్తిపొడిచింది. వెతికి పలికే మాట పోయినా, చిన్ననాడు వరుసగా నోటికి పట్టిన మాట ఒక్కోసారి మిగులుతుందని డాక్టరు తర్వాత చెప్పాడు.

మిగతా మాటలు పెద్దగా తిరిగి రాలేదు. కానీ నన్ను పిలవడానికి ఆమెకు ఆ ఒక్కటి దొరికింది. మంచినీళ్ళు కావాలన్నా, నా మీద కోపమొచ్చినా "లాభం" అనే పిలిచేది. రాగాన్ని బట్టి నాకు తెలిసేది. వాడకట్టు వాళ్ళు నవ్వేవాళ్ళు, నేను పలికేవాణ్ణి. ఆ తర్వాత బతికున్న ఆరేళ్ళూ అలాగే పిలిచింది.

ఇప్పుడు పప్పులన్నీ తూచిన సంచుల్లో ఇంటికే వస్తున్నాయి, ఎవరూ ఏదీ కొలవడం లేదు. బొమ్మ పూర్తయ్యాక అటక మీది మానిక దింపించి, మనవరాలికి చూపిద్దామని బియ్యంలో ముంచాను. ఒకటి అనబుద్ధి కాలేదు. "లాభం" అనడానికి నోరు రాలేదు. అది నన్ను పిలిచే మాట, నేను అనేది కాదు.