మాచు పిచ్చులో నేను తప్పిపోయిన ఉదయం

నోవై అనే ఊళ్ళో మా రెండో చలికాలంలో నేను ఇంట్లో సోఫాను జరపడం మొదలుపెట్టాను. ఒకరోజు కిటికీ దగ్గరకు, మరో రోజు గోడ వారకు. సాయంత్రం మా ఆయన ఆఫీస్ నుంచి వచ్చి, బూట్లకంటిన మంచు దులుపుకుంటూ, "ఈరోజు ఇట్లా పెట్టినవా" అని నవ్వేవాడు. మొదట్లో నాకూ నవ్వు వచ్చేది. జనవరి వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

మేమిద్దరం ఒకే ఇంజనీరింగ్ కాలేజీలో చదివాం. ఆయన మెకానికల్, నేను సివిల్. ఆయనది వరంగల్, నాది తెనాలి. పెళ్ళికి ముందు హైదరాబాదులో ఒక డిజైన్ ఆఫీసులో వంతెనలకు, మట్టిని నిలబెట్టే గోడలకు లెక్కలు వేసేదాన్ని. ఆయనకు ఇక్కడ కార్ల కంపెనీలో ఉద్యోగం వస్తే, నేను హెచ్-4 మీద వెంట వచ్చాను. ఆ వీసా మీద పనిచేయకూడదని వచ్చేముందే తెలుసు. తెలియడం వేరు, పొద్దున్నే ఆయన కారు వెళ్ళిపోయాక ఆ ఇంట్లో మిగలడం వేరు. పార్కింగ్‌లో మంచు తోసే బండి వస్తే కిటికీ దగ్గర నిలబడి చూసేదాన్ని. దాని డ్రైవర్ మంచునంతా తీసుకెళ్ళి నీళ్ళు దిగే జాలీ మీదే కుప్పపోసేవాడు. రేపు కరిగితే ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయని నాలో నేనే గొణుక్కునేదాన్ని. చెప్పుకోవడానికి మనిషి లేడు.

"ఎక్కడికన్నా పోయొద్దాం. నువ్వే చెప్పు" అన్నాడొక రాత్రి అన్నం తింటూ.

"మాచు పిచ్చు."

"పేరులోనే పిచ్చి ఉన్నది. ఫ్లోరిడా పోదాం, బీచ్‌లో కూసుందాం."

"కూర్చోవడానికైతే ఈ ఇల్లు చాలదా?"

ఆయన మర్నాడు ఆఫీస్ నుంచి ఫోన్ చేసి, పెరూ వీసాకి షికాగో వెళ్ళాలట, శుక్రవారం లీవ్ పెట్టానన్నాడు.

మే నెలలో వెళ్ళాం. దారిలో, కొండల మీదున్న కుస్కోలో విమానం దిగగానే ఆయనకు తలనొప్పి పట్టుకుంది. అంత ఎత్తులో గాలి పలచగా ఉంటుందని చదివే వెళ్ళాం కానీ, హోటల్ మెట్లు ఎక్కడానికి కూడా ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తుందని అనుకోలేదు. హోటల్ వాళ్ళిచ్చిన కోకా ఆకుల టీ తాగి ఆయన దుప్పటి ముసుగేశాడు. నేను పడుకోలేకపోయాను. బయటికెళ్ళి సందుల్లో పాత రాతి గోడలను తడుముతూ తిరిగాను. ఒక్కో రాయి ఒక్కో ఆకారం. మధ్యలో సున్నం లేదు, మట్టి లేదు. అయినా నా గోరు కూడా దూరలేదు.

మాచు పిచ్చు కుస్కో కంటే చాలా కిందికే ఉంటుంది కాబట్టి, రైలు దిగేసరికి ఆయన కోలుకున్నాడు. మర్నాడు పొద్దున బస్సు మలుపులు తిరుగుతూ మమ్మల్ని కొండపైన ఆ పాత రాతి ఊరికి చేర్చింది. మేఘాలు ఇంకా లోయలోనే ఉన్నాయి. మా గుంపులో పది పన్నెండు మంది. గైడ్ సూర్యుడి గుడి గురించి, రాజు గది గురించి నిదానంగా చెబుతున్నాడు. అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. నా కళ్ళు మాత్రం కిందనే ఉన్నాయి. గోడల అడుగున చిన్న కంతలు, వాటి ముందు రాతిలో చెక్కిన సన్నటి కాలువ. ఇంత వాన కురిసే కొండ, ఇంత నిటారు వాలు, ఇన్ని వందల ఏళ్ళు. నీళ్ళు ఎటు పోతున్నాయో తెలిస్తే ఊరు ఎలా నిలిచిందో తెలుస్తుంది. కాలువ వెంట నాలుగడుగులు వేశాను. అది మలుపు తిరిగింది. నేనూ తిరిగాను.

ఎంతసేపు అలా నడిచానో తెలియదు. ఒక రాతి తొట్టిలోకి నీళ్ళు పడుతున్నాయి, అక్కడి నుంచి కింది తొట్టిలోకి, అక్కడి నుంచి ఇంకా కిందికి. నేను గొంతుక్కూర్చుని ఆ ధార కింద చెయ్యి పెట్టాను. పక్క మెట్టు మీద ఒహాయో నుంచి వచ్చిన ముసలి దంపతులు అలసిపోయి కూర్చున్నారు. ఏదైనా పోగొట్టుకున్నావా అని ఆవిడ అడిగింది. లేదని చెప్పి మొదలుపెట్టాను. కొండంతా మెట్లుమెట్లుగా కట్టిన ఈ పొలాలు పంటకే కాదు, కొండ జారకుండా పట్టుకోవడానికి కూడా. గోడలు కొంచెం లోపలికి వాలి ఉన్నాయి చూడండి. వెనక మట్టి కింద గులకరాళ్ళు పరిచారు కాబట్టే నీళ్ళు నిలవవు, నీళ్ళు నిలవవు కాబట్టే గోడ పగలదు. రెండేళ్ళుగా ఎవరికీ చెప్పనివన్నీ ఆ ఇద్దరికీ చెప్పాను. పెద్దాయన లేచి వెళ్ళి గోడ వాలును అరచేత్తో చూశాడు.

"నువ్వు ఎక్కడ పనిచేస్తావమ్మాయ్?" అని ఆవిడ ఇంగ్లీషులో అడిగింది.

నేను తడి చెయ్యి తుడుచుకున్నాను.

"షి ఈజ్ ఎ బ్రిడ్జ్ ఇంజనీర్" అని వెనక నుంచి వినిపించింది. మా ఆయన. ముఖం కందిపోయి ఉంది, చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. ఆ దంపతులకు నవ్వుతూ నమస్కారంలాగా తలూపాడు. వాళ్ళు మలుపు దాటేదాకా ఆగాడు.

"ఎక్కడ పోయినవ్ నువ్వు? అక్కడ అంచుకు కంచె కూడా లేదు. నేను పోయి వంగి కిందికి చూసిన. తెలుసా?" ఆయన నా మోచేయి గట్టిగా పట్టుకున్నాడు. కాలేజీ రోజుల నుంచి ఎరుగుదును, ఆ గొంతు ఎప్పుడూ వినలేదు.

సారీ అన్నాను. అని అక్కడితో ఆగలేకపోయాను. "ఇంజనీర్ అని ఎందుకు చెప్పావు? ఒకప్పుడు చేసేది అనాలి."

"ఇప్పుడు నువ్వు చేసింది ఏంది మరి?"

"చేసేదాన్ని. ఇప్పుడు చెయ్యట్లేదు. నీకూ తెలుసు."

ఒక గార్డు ఈల ఊది దారికి అడ్డం నిలబడవద్దని సైగ చేశాడు. ఇద్దరం గోడకు ఒదిగి నిలబడ్డాం. మనుషులు మా ముందు నుంచి వెళ్తుంటే, అంత జనంలో ఏడ్చాను.

తిరుగు రైలులో నది పక్కన పోతూ ఉండగా చెప్పాను. "నేను చదువుకుంటాను. మాస్టర్స్."

"మళ్ళా మొదటి నుంచా?" అన్నాడు. మళ్ళీ తనే, "పిల్లల సంగతి?" అన్నాడు. ఏమో అన్నాను. ఆయనకు నచ్చలేదు. ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు నచ్చలేదు, కానీ కాలేజీలు చూడడానికి డ్రైవ్ చేసింది ఆయనే.

చదువుకునేవాళ్ళ వీసా ఎఫ్-1కి మారి, ఆ మరుసటి ఏడు క్లాసులో కూర్చున్నాను. చుట్టూ అప్పుడే బీటెక్ అయిన పిల్లలు నన్ను అక్కా అని పిలిచేవాళ్ళు. వాళ్ళలో ఒకమ్మాయి, నల్గొండ నుంచి వచ్చింది, మొదటి వారమే "అక్కా, మీకు ఇదంతా ముందే వచ్చు కదా, మళ్ళెందుకు?" అని అడిగింది. మర్చిపోయానని అబద్ధం చెప్పాను. డిగ్రీ చేతికొచ్చాక రోడ్లు కట్టే ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం దొరికింది. హైవే పక్కన కట్టే గోడలకు డ్రాయింగులు గీయడం నా పని. వీసా ఏమవుతుందోనన్న బెంగ ప్రతి ఏప్రిల్‌లోనూ ఉండేది. ఉద్యోగ వీసాకి తీసే లాటరీలో రెండో ఏడు నా పేరు వచ్చింది.

అలజడి మాత్రం పూర్తిగా పోలేదు. ఆదివారం మధ్యాహ్నం ఇప్పటికీ ఊరికే కూర్చోలేను. పాప పుట్టాక దాన్ని ఎత్తుకుని గదిగదికీ తిరిగేదాన్ని, అది నిద్రపోయాక కూడా. జనంలోకి వెళ్ళినప్పుడల్లా మా ఆయన నా మోచేయి పట్టుకుంటాడు. వదలమని నేను అనను.