మాస్టారి దొంగ కందిరీగ

మాస్టారు పోయారన్న కబురు నాకు మీనా సల్మాన్ రేవులోని మా ఆఫీసులో తెలిసింది. ఓడ సరుకుల కాగితాలు సరిచూసుకుంటున్నాను. మా బిల్డింగ్ వాచ్‌మన్ ఫోన్ చేసి, "మేడమ్, పైన మాస్టర్‌జీ తలుపు తియ్యలేదు. స్కూలువాళ్ళొచ్చి తీశారు. ఖలాస్" అన్నాడు. ఆ మాట ఇక్కడ గల్ఫులో డ్యూటీ అయిపోయినా అంటారు, గ్యాసు అయిపోయినా అంటారు. మనిషికి వాడగా వినడం నాకదే మొదటిసారి. చేతిలో ఉన్న కాగితం పూర్తిచేసి, స్టాంపు వేసి, అప్పుడు ఏడ్చాను.

ఈసా టౌన్‌లో మా పై ఫ్లాటులో ఉండేవారాయన. కాకినాడ మనిషి, బడిలో జీవశాస్త్రం చెప్పేవారు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. మా ఆయన డ్యూటీ సౌదీ వైపు, పదిహేను రోజులకోసారి వస్తారు. అంచేత పైన ఆయన, కింద నేను, ఎవరికి వాళ్ళం ఒంటిపిల్లి రాకాసిలా ఉండేవాళ్ళం.

ఒకరోజు తలుపు కొట్టి, "అమ్మాయ్, నీకు కారుంది కదా. శుక్రవారం ఖాళీ అయితే నన్ను బుదైయా తోటల దాకా తీసుకెళ్తావా? కూరగాయలకి కాదు, ఈగలకి" అన్నారు. చూపు మందగించి తన కారు అమ్మేసుకున్నారట. ఈగలు మా వంటింట్లోనే బోలెడున్నాయి, అంత దూరం ఎందుకండీ అన్నాను. ఆయన నవ్వలేదు. "అవి ఇంటివి. నాకు కావలసినవి పగటివేషగాళ్ళు" అన్నారు.

ఆ వేషం సంగతి మీకు చెప్పాలి. అచ్చం కందిరీగే. నలుపు మీద పసుపు చారలు, సన్నటి నడుము, ఎగిరే తీరు కూడా అదే. కానీ ముల్లుండదు, కుట్టదు, ఒట్టి ఈగ. పూలమీద గాల్లో కదలకుండా నిలబడుతుంది. కుడుతుందేమోనని పిట్టలు దాని జోలికి రావు, ఆ భయం మీదే దాని బతుకు. "కందిరీగకి నాలుగు రెక్కలు, ఈగకి రెండు. ముందు లెక్కపెట్టు, తరవాత భయపడు" అనేవారు మాస్టారు. మీదికొచ్చే పురుగు రెక్కలు లెక్కపెట్టడం ఎవరి తరం చెప్పండి.

బుదైయాలో ఒక తోటలో, పూతకొచ్చిన కొత్తిమీర మడిలో ఆయనకి ఇలాంటివి రెండు దొరికాయి. పుస్తకాల్లో ఉన్న ఏ జాతితోనూ కలవలేదు. విదేశంలో ఒక మ్యూజియంలో, ఈగల మీదే జీవితం గడిపిన ఒకావిడకి ఫొటోలు పంపారు. కొత్త జాతిలాగే ఉంది గానీ రెండూ ఆడవే, మగదాన్ని చూడకుండా తేల్చలేను అని రాసిందావిడ. ఈ ఈగల్లో అసలు తేడా మగదాని తోక చివర తెలుస్తుందట. మూడేళ్ళు, కొత్తిమీర పూసినన్నాళ్ళూ, ప్రతి శుక్రవారం వెతికాం. దొరకలేదు. ఈ జూన్‌తో ఆయన ఉద్యోగం అయిపోతుంది, దాంతోపాటు వీసా కూడా. అంటే ఈ ఏటి పూతే ఆఖరిది.

కారెక్కగానే చెప్పులు విప్పేసేవారు, ఇంట్లోకొచ్చినట్టు. నన్ను పాటలు పెట్టనిచ్చేవారు కాదు. "మాట్లాడుకోడానికి మనిషి ఉండగా పాటలెందుకు?" అని, బుదైయా చేరేదాకా ఒక్క మాట మాట్లాడేవారు కాదు. నాకు ఒళ్ళు మండేది. అయినా గురువారం సాయంత్రానికల్లా పెట్రోలు కొట్టించి ఉంచుకునేదాన్ని.

పట్టిన ప్రతి పురుగుకీ గుండుసూది కింద ఒక చీటీ ఉండాలి. ఎక్కడ, ఏ రోజు, పట్టినదెవరు. "చీటీ లేకపోతే అది చచ్చిన పురుగు. ఉంటే సాక్షి" అనేవారు. కంటైనర్లకి రాసి రాసి చెయ్యి తిరిగినదాన్నని నాచేతే రాయించేవారు. అక్షరం ఆవగింజని దాటితే మళ్ళీ రాయించేవారు.

మార్చిలో ఒక శుక్రవారం ఆయన మడికి ఆ చివర, నేను ఈ చివర. పసుపు చారలది ఒకటి వచ్చి నా చున్నీ మీద వాలింది. చిన్నప్పుడు కందిరీగ కుట్టి మొహం బూరెలా వాచినదాన్ని నేను. రెండా నాలుగా అని చూడలేదు. చున్నీ దులిపి, కిందపడ్డదాన్ని చేతిలో ఉన్న నోట్‌బుక్కుతో ఒక్కటిచ్చాను.

మాస్టారు వచ్చి వంగి చూశారు. భూతద్దం తీసి మళ్ళీ చూశారు. మట్టిలో అలాగే కూలబడ్డారు. ఆడదానికి కళ్ళు ఎడంగా ఉంటాయి, మగదానికి నడినెత్తిన కలుస్తాయి. "కలిశాయి" అన్నారు మెల్లిగా. ఒంట్లో సగం నుజ్జయిపోయింది. ఒక రెక్క నోట్‌బుక్కుకే అంటుకుపోయింది.

"తిట్టండి మాస్టారూ" అన్నాను.

"దేనికి? నేను కందిరీగనని నిన్ను నమ్మించింది. దాని పరీక్షలో అది పాసయింది" అన్నారు. తిడితే బాగుండేది.

ఆ తరవాత ఇంకొకటి దొరకలేదు. పూత అయిపోయింది. సాయంత్రాలు పై ఫ్లాటులో కుర్చీ జరిగిన చప్పుడు వినిపించేది. ఆ నుజ్జుని మైక్రోస్కోపు కింద పెట్టుకుని బొమ్మ గీస్తున్నారని తెలుసు. పనికొచ్చిందా, మూడేళ్ళ కష్టం నేను నేలపాలు చేశానా అని అడగడానికి నోరు రాలేదు. పులుసు గిన్నె చేతికిచ్చి దిగివచ్చేసేదాన్ని. ఆయనా చెప్పలేదు. మే నెలలో పోయారు.

ఆయన్ని కాకినాడ పంపే పెట్టె కాగితాలు మా ఆఫీసుకే వచ్చాయి. పెట్టెలకి చీటీలు రాయడమే నా ఉద్యోగం. ఆ ఒక్కటీ నావల్ల కాదన్నాను.

ఫ్లాటు ఖాళీ చెయ్యడానికి స్కూలువాళ్ళు రెండు రోజులిచ్చారు. వాచ్‌మన్ నాకు సాయం వచ్చాడు. బల్లమీద పురుగుల పెట్టె, మ్యూజియానికి రాసిన కాగితాలు, బయటికి పంపే అనుమతులతో సహా సిద్ధంగా ఉన్నాయి. కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడు ఒకే ఒక్క పురుగుని ఎంచి ఆ పేరు దానికి కడతారు. ఎన్నేళ్ళకి ఎవరికి అనుమానం వచ్చినా దాన్నే తీసి చూడాలి. గుర్తుగా దానికి ఎర్ర చీటీ పెడతారు. పెట్టె మూత తీశాను. నిగనిగలాడే ఆడ ఈగలు రెండూ పక్కకి ఉన్నాయి. ఎర్ర చీటీ మధ్యలో ఉన్న నుజ్జుకుంది. దాని పక్క చీటీ ఆయనే రాసుకున్నారు. ఊరు, తేదీ, కొత్తిమీర మడి, పట్టినవారు అని నా పేరు. కొట్టి చంపినదాన్ని పట్టుకుని పట్టినవారట. ఆ ఖాళీ గదిలో కుర్చీలో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. వాచ్‌మన్ పాపం బయటికెళ్ళి నిలబడ్డాడు.

పెట్టె పంపించాను. పోయిన వారం ఆ మ్యూజియం ఆవిడ దగ్గరనుంచి జవాబు వచ్చింది. తోక భాగం చెక్కుచెదరలేదు, బొమ్మ అద్భుతంగా ఉంది, ఇది కొత్త జాతే, ఆయన పేరుమీదే అచ్చు వేయిస్తాను అని. ఆ సంగతి చెప్పుకోడానికి నాకు మనిషి లేడు. మా ఆయనకి ఫోన్ చేస్తే, "ఏ ఈగ?" అన్నారు.

శుక్రవారం ఒక్కదాన్నే బుదైయా వెళ్ళాను. ఎండ మాడ్చేస్తోంది. మడి ఎండిపోయి ఖాళీగా ఉంది. నీళ్ళ పంపు దగ్గర తడిలో నిలబడితే పసుపు చారలది వచ్చి నా మణికట్టు మీద వాలింది. కొట్టలేదు, కదల్లేదు. ఊపిరి బిగబట్టి రెక్కలు లెక్కపెడుతున్నాను. అది కుట్టింది.

కారు దగ్గరికొచ్చి, పక్క సీటు తలుపు తీసి, "ఇది నిజంగా కందిరీగేనండీ మాస్టారూ" అని చెప్పి, తలుపు వేసి, వాచిన చేత్తోనే ఇంటికి నడుపుకొచ్చాను.