ముందే అరిచే కిటికీ

కాజ్ సోబ్‌చాక్ వయసంతా పిట్స్‌బర్గ్ ఉక్కు మిల్లులో క్రేన్ మీదే గడిచిపోయింది. మోకాళ్లు అరిగి, చలికి తట్టుకోలేక, డాక్టరు మాట విని భార్య మిల్లీతో సహా అరిజోనా ఎడారిలో ముసలివాళ్ల కాలనీకి వచ్చి పడ్డాడు. ఇంటిముందు గడ్డి ఉండాల్సిన చోట ఇక్కడ గులకరాళ్లు పోస్తారు. ఆ రాళ్లను కూడా శనివారం శనివారం దంతెతో దువ్వుతారు. ఈ ఒక్క సంగతికే కాజ్ ఆ ఊరిని క్షమించలేదు.

మనిషి వచ్చాడు గానీ ప్రాణం పిట్స్‌బర్గ్ బేస్‌బాల్ జట్టు దగ్గరే ఉండిపోయింది. ఏటా ఆ జట్టు ఓడిపోవడం చూడాలి, తిట్టాలి, మర్నాడు మళ్లీ కూర్చోవాలి. కూతురు సెలవులకు వచ్చినప్పుడు టీవీకి ఒక నల్ల పెట్టె తగిలించి, ఇంటర్నెట్‌లో ప్రతి ఆటా వచ్చేలా చేసి వెళ్లింది. అక్కడ సాయంత్రం మొదలయ్యే ఆట ఇక్కడ మధ్యాహ్నం కాఫీ వేళకు వస్తుంది. అంతా బాగానే ఉంది. బాగోలేనిది పక్కింటి కిటికీ ఒక్కటే.

పక్కింటి బెర్నడెట్ హ్రాబక్ కూడా పిట్స్‌బర్గ్ మనిషే. భర్త పోయాక తెరమీది బొమ్మల మీద విరక్తి కలిగిందని టీవీ ఎవరికో ఇచ్చేసింది. ఫోన్‌లో పిట్స్‌బర్గ్ రేడియో పెట్టి, ఆ ఫోన్‌ని ఖాళీ సూపు గిన్నెలో నిలబెట్టేది. గిన్నె ఘణఘణా మోగేది. రేడియో మాట ముందు వచ్చేసేది, టీవీ బొమ్మ వెనకాల ఈడ్చుకుంటూ వచ్చేది. కాజ్ టీవీలో బంతి విసిరే పిచర్ ఇంకా టోపీ సర్దుకుంటూ ఉండగానే, ఆ కిటికీలోంచి "చచ్చిందిరా దేవుడా!" అని కేక. ఇక చూడ్డానికేముంటుంది? చచ్చేది ఎలా చచ్చిందో చూడ్డమే.

కిందటి వారం ఓపిక నశించి రెండిళ్ల మధ్య పొట్టి గోడ దగ్గరికి వెళ్లాడు.

"బెర్నడెట్, నీ గొంతు పొలాల మీద కాకుల్ని తోలడానికి అద్దెకిస్తే బాగా గిడుతుంది."

"నువ్వు నిన్నటి రొట్టె తింటూ, ఇవాళ కాల్చినదాన్ని తిడతావేం, ముసలోడా?" అని ఆమె కిటికీ ఇంకాస్త తెరిచింది.

ఆ తర్వాత మాటల్లేవు. కేకలు మాత్రం ఉన్నాయి.

ఆ బుధవారం కుర్ర పిచర్ క్విలెస్ బంతి విసురుతున్నాడు. ఒక్కొక్క ఇన్నింగ్సే గడుస్తోంది. ఎదుటి జట్టులో ఒక్కడు కూడా బంతిని సరిగ్గా కొట్టి మొదటి బేస్ చేరలేదు. మొత్తం తొమ్మిది ఇన్నింగ్సూ అలాగే గడిస్తే దానికో పేరుంది. ఆ పేరు ఆట ముగిసేదాకా ఎవరూ నోటితో అనకూడదు. అంటే పోతుంది. అందుకని ఇక్కడా అనడం లేదు.

కాజ్ బతుకులో దాన్ని ఒక్కసారీ కళ్లారా చూడలేదు. మరదలి పెళ్లిలో, చర్చిలో, చెవిలో రేడియో దాచుకుని వింటుంటే ఒకసారి దగ్గరిదాకా వచ్చింది. పక్కనున్న తోడల్లుడు వంగి, ఆ మాట పైకి అనేశాడు. మరుసటి బంతికే దెబ్బ పడింది. కాజ్ పెళ్లి విందు తినకుండా వచ్చేశాడు. తోడల్లుడితో మళ్లీ మాట్లాడలేదు. వాడి అంత్యక్రియలకు మాత్రం వెళ్లాడు, ఆ రోజు ఆట లేదు కాబట్టి.

ఇప్పుడు అయిదో ఇన్నింగ్స్‌లో మిల్లీ ఆవాల ముద్ద కోసం ఫ్రిజ్ తలుపు తీసింది. సరిగ్గా అప్పుడే క్విలెస్ ఒకణ్ని ఔట్ చేశాడు.

"కదలకు," అన్నాడు కాజ్.

"ఎందుకూ?"

"ఎందుకో అడక్కు."

మిల్లీ టీవీ వంక చూసింది. ఆవిడా పిట్స్‌బర్గ్ పిల్లే. నిట్టూర్చి, ఫ్రిజ్‌కి ఆనుకుని, చేతికందిన ఊరగాయ దోసకాయ కొరికింది. అప్పట్నుంచి అక్కడే ఉంది. కాజ్ కూడా కుర్చీ వదల్లేదు, అవసరం ఉన్నా వదల్లేదు.

ఎనిమిదో ఇన్నింగ్స్‌కి అతనికి చెమట పట్టింది. క్విలెస్ గురించి కాదు, కిటికీ గురించి. ఇంతా చేసి చివరి ఔట్ ఆ కేకలో విని తెలుసుకోవాలా? లేచి వెళ్లి చెప్పడానికి లేదు. ఆమె ఇంటి ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేశాడు.

"బెర్నడెట్, ఇవాళ అరవకు."

"మాటల్లేవనుకున్నానే. ఎందుకు అరవకూడదు?"

"ఎందుకో చెప్పడానికి లేదు."

"ఓ, అదా..."

"అనకు!"

"నేనెందుకంటానయ్యా? పిట్స్‌బర్గ్ పోలిష్ హిల్‌లో పుట్టానా, ఈ ఎడారి ఫీనిక్స్‌లో పుట్టానా?"

"కిటికీ మూసెయ్. ఏమైనా సరే నోరు విప్పకు. నేనే బతిమాలినా చెప్పకు. ఒట్టెయ్."

"కాకుల్ని తోలే గొంతుతో వేసిన ఒట్టు నీకు పనికొస్తుందా?"

"బెర్నడెట్, దణ్ణం పెడతాను."

"మా ఆయన సమాధి మీద ఒట్టు," అంది ఆమె. కిటికీ ధడాలున మూసుకుంది.

తొమ్మిదో ఇన్నింగ్స్. ఒకడు ఔట్. ఇంకొకడు ఔట్. ఆఖరివాడు బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. క్విలెస్ కాలెత్తాడు.

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. బొమ్మ బిగుసుకుపోయి, దాని నడుమ చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. స్టేడియం నిండా జనం, గాల్లో ఒంటికాలి కొంగ, మీద తిరుగుతూ చక్రం.

"తిరుగు, తిరుగు, నీ అమ్మ కడుపు కాలా!" అన్నాడు కాజ్ చక్రాన్ని.

"ఇలా అయితే పెట్టె వైరు తీసి మళ్లీ పెట్టమంది అమ్మాయి," అంది మిల్లీ.

"పెట్టాలంటే లేవాలి కదే!"

చక్రం తిరుగుతూనే ఉంది. కాజ్ కుర్చీలోంచే గొంతు చించుకున్నాడు. "బెర్నడెట్! ఏమైంది?"

కిటికీ తెరుచుకోలేదు.

"బెర్నడెట్! నేనే అడుగుతున్నా! చెప్పు!"

మూసిన అద్దం వెనకనుంచి "మ్మ్" అని వినిపించింది.

"అది ఏడుపు మూలుగా, నవ్వు మూలుగా? మిల్లీ, నీకు కనపడుతోందా?"

ఫ్రిజ్ పక్కనే వంటింటి కిటికీ. మిల్లీ మెడ సాచింది. "ఏప్రాన్‌తో మొహం కప్పుకుంది. భుజాలు ఊగుతున్నాయి."

"ఎలా ఊగుతున్నాయి?"

"ఊగడంలో రకాలుంటాయా?"

"ఉంటాయి! మీ నాన్న పోయినప్పుడు నీవి ఒక రకంగా ఊగాయి, మన పెళ్లిలో ఇంకో రకంగా ఊగాయి!"

"మన పెళ్లిలోనూ ఏడ్చాను కాజ్," అంది మిల్లీ.

అప్పుడు బొమ్మ కదిలింది. క్విలెస్ కాలు దింపలేదు. అసలు క్విలెస్సే కనపడలేదు. మైదానం మధ్య ఆటగాళ్లంతా ఒకరి మీద ఒకరు పడి కుప్పగా ఉన్నారు. ఆ కుప్ప అడుగున ఎక్కడో అతనున్నాడు. జనం టోపీలు విసురుతున్నారు.

అయిపోయింది. జరిగింది. కాజ్ చూడలేదు.

అతను కుర్చీ చేతులు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. జట్టు గెలిచింది. అతని మొహం మాత్రం ఎవరో పోయినట్టుంది.

"మళ్లీ చూపిస్తారులే," అంది మిల్లీ మెల్లగా.

"తెలిసిపోయాక చూసేది ఆట కాదే. ఫోటో." మీట నొక్కి, మళ్లీ చూపించేలోపే టీవీ ఆర్పేశాడు.

అప్పుడు లేచాడు. మోకాళ్లు పట్టేశాయి. గులకరాళ్ల మీద కుంటుకుంటూ గోడ దగ్గరికి వెళ్లి, చెయ్యి చాచి ఆమె కిటికీ అద్దం మీద కొట్టాడు. కిటికీ తెరుచుకుంది. బెర్నడెట్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. నోరు గట్టిగా బిగించే ఉంది.

"ఒట్టు తీసేస్తున్నా," అన్నాడు కాజ్.

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. "ఇన్నేళ్లలో ఇంత కష్టం పడలేదయ్యా. పెదవి కొరుక్కున్నాను, చూడు. ఇప్పుడు ఆ మాట అనొచ్చా?"

"వద్దు. నువ్వు రేడియోలో ఎలా విన్నావో అలా చెప్పు. తెలిసినట్టు చెప్పకు. తెలియనప్పటి నుంచి చెప్పు. కాలెత్తాడు, అక్కడినుంచి."

బెర్నడెట్ ఏప్రాన్‌తో మొహం తుడుచుకుని గిన్నెను పక్కకు జరిపింది. "కాలెత్తాడు. విసిరాడు. వాడు కొట్టాడు, కాజ్. గట్టిగా కొట్టాడు. టప్ మని చప్పుడు. రేడియో ఆయన గొంతు ఆగిపోయింది. ఎడమ పక్కకి, వెనక్కి, మైదానం గోడకేసి పోతోంది బంతి. మనవాడు పరిగెడుతున్నాడు. గోడ దగ్గరికొచ్చేసింది. ఎగిరాడు..."

ఆగిపోయింది.

"ఊఁ?" అన్నాడు కాజ్.

"రేడియో ఆయన ఇక్కడే ఆగాడు. అందుకే నేనూ ఆగాను."

కాజ్ గోడ గట్టిగా పట్టుకున్నాడు. ఆటగాళ్ల కుప్ప చూశాడు. టోపీలు చూశాడు. అయినా గోడ మీంచి ముందుకు వంగాడు. "పట్టాడా?" అన్నాడు.

వంటింట్లోంచి మిల్లీ కేకేసింది. "నేనిక ఫ్రిజ్ వదలొచ్చా?"

"కదలకు!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. "ఇంకా అవలేదు!"