బాపు తిన్నానన్న గుడ్డు

ఒక్కపొద్దు ఉంటానని మొక్కుకున్నది నేను. డాక్టరు కడుపునిండా తినమన్నది మా బాపును. ఆ రెండింటినీ ఒకే ఇంట్లో కలిపింది కూడా నేనే.

బాపు జంపఖానాలు నేసేవాడు. ఖిలా వరంగల్‌లో మా ఇల్లు. అమ్మ పోయాక నన్ను బడికి పంపే వీలు లేక, మగ్గం పక్కన కూర్చోబెట్టి నేల మీద సుద్దతో అక్షరాలు దిద్దించాడు. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆయన దయ, ఆపైన శివుడి దయ.

ఆయన వయసు డెబ్బైల చివర్లో ఉండగా దగ్గులో నెత్తురు పడింది. హనుమకొండ దవాఖానలో ఫొటో తీసి, కుడి ఊపిరితిత్తిలో గడ్డ ఉందని, ఆ తిత్తి మొత్తం తీసేయాలని చెప్పారు. డాక్టరు బాపును రెండంతస్తుల మెట్లు ఎక్కించి, పక్కనే తనూ ఎక్కాడు. బాపు ఎక్కడా ఆగలేదు.

"దమ్ము మంచిగనే ఉంది. నెలన్నర టైమిస్తున్న. బీడీ ముట్టొద్దు. రోజూ నడువాలె. పాలు, గుడ్లు, పప్పు మంచిగ తినాలె. ఒంట్ల బలం లేకుంటే లోపటి కుట్లు అతుకయి," అన్నాడు డాక్టరు.

ఇంటికి వచ్చి, ఆపరేషన్ దాకా ఒక్కపొద్దు ఉంటానని దీపం ముందు మొక్కుకున్నాను. పొద్దంతా మంచినీళ్లే, సాయంత్రం దీపం పెట్టాక ఒక్కసారి అన్నం. బాపు అది విని, నడుముకున్న బీడీ కట్ట తీసి పొయ్యిలో వేశాడు.

"నువ్వు నా కోసం ఉపాసముంటే నేను బీడీ తాగుకుంట కూసోవాల్నా? నేను గూడ ఉంట ఒక్కపొద్దు."

"డాక్టరు తినుమన్నడు కదా బాపూ?"

"తింట తియ్యి. రెండు పూటలది పొద్దుమీకి ఒక్కపాలి తింట."

ఎన్నేళ్లు బతిమాలినా మానని బీడీని మొక్కు మాన్పించింది. ఆ సంతోషంలో మిగతాది నాకు కనబడలేదు. దేవుడే మా గడప తొక్కాడనుకున్నాను. ఇంట్లో నీసు బంద్ చేశాను. రెండిళ్ల అవతల కోళ్లు పెంచే ముసలామె, వాడంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆమె, రోజుకో గుడ్డు పంపుతానంటే, మొక్కు తీరేదాకా వద్దన్నాను.

నెలన్నర తర్వాత అవే మెట్లు ఎక్కుతూ బాపు సగంలోనే కూలబడ్డాడు. నా మొహం చూసి నవ్వాడు.

"దవాఖానోళ్లు మెట్లు పెంచినట్టున్నరు బిడ్డా!"

డాక్టరు నవ్వలేదు. "మనిషి ఇంత తగ్గిండేంది? మంచిగ తింటాండా?" అని నన్నే అడిగాడు.

"తింటాండు సార్," అన్నాను. అబద్ధం అనిపించలేదు. తింటున్నాడు కదా, ఒక్కపూట.

గడ్డ పెరుగుతోందనీ, ఇక ఆగడానికి లేదనీ ఆపరేషన్ చేశారు. వారం రోజులు బాగానే ఉన్నాడు. తర్వాత జ్వరం. పక్కకు తిరిగితే చాలు, దగ్గుతో ఎర్రటి నీళ్లు. తిత్తి తీసినచోట కుట్టిన గాలిగొట్టం విచ్చుకుందన్నారు. అప్పుడు చెప్పాను డాక్టరుకు, ఒక్కపొద్దు సంగతి.

"వయసున్నది. అన్ని ఏండ్ల బీడీ ఉన్నది. కుడి తిత్తి తీస్తే ఈ గండం ఇంకా ఎక్కువ. నీరసం గూడ ఒకటి. గిదొక్కటే కారణమని నేను చెప్పలేనమ్మా," అన్నాడు. నన్ను కసురుకోలేదు. ఆయన చల్లగా ఉండాలి.

మంచంలోంచి బాపు అంతా విన్నాడు. దగ్గరకు పిలిచాడు. మాటమాటకూ ఆయాసం.

"పిచ్చిదానా... నేను పస్తులున్ననని ఎవలన్నరు? పొద్దుగాల నడువవోయి... రోజూ ఖాలా ఇంట్ల గుడ్డు తినే వచ్చిన. తెలిస్తే లొల్లి జేస్తవని చెప్పలే."

"దొంగ బాపూ!" అన్నాను. అంటూనే ఏడ్చాను. గుండె మీది బండ ఎవరో ఎత్తినట్టయింది. నాలుగో రోజు ఆయన పోయాడు.

పెద్దకర్మ అయ్యాక, ఆయన చివరగా నేసిన జంపఖానా తీసుకుని ఖాలా ఇంటికి వెళ్లాను. ఆమె వాకిట్లో కోళ్లకు నూకలు వేస్తోంది.

"మా బాపుకు రోజూ గుడ్డు పెట్టినవట ఖాలా. నీ మేలు మర్చిపోను."

"నేనా? ఎన్నిసార్లు పిలిచిన బిడ్డా! 'నా బిడ్డ పొద్దంత నీళ్ల మీద ఉంటాంది, నా గొంతుల గుడ్డెట్ల దిగుతది ఖాలా' అనుకుంట, గీడ జరసేపు కూసుండి..."

నా మొహం చూసి ఆగిపోయింది. చేతిలోని నూకలన్నీ ఒక్కసారే కింద చల్లింది. కోళ్లు ఒకదాని మీదొకటి పడ్డాయి.

"తిన్నడు, తిన్నడు బిడ్డా. రెండు మూడు సార్లు తిన్నడు. ముసల్దాన్ని గదా, యాది లేదు," అంది, కోళ్ల వైపే చూస్తూ.

"మంచిది ఖాలా," అన్నాను. జంపఖానా ఆమె మంచం మీద పరిచి, చేతులెత్తి మొక్కి వచ్చేశాను.

ఆ సాయంత్రం దీపం పెట్టి అన్నం కలుపుకున్నాను. ముద్ద గొంతు దిగలేదు.