ఎడమ మూలకు మారిన ఎర్ర గడి

కంప్యూటర్లు బాగుచేసే ఆ అన్న ఏ మిషన్ మీదా వెంటనే చెయ్యి వేసేవాడు కాదు. ముందు మన కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడేవాడు. "నువ్ పని జేసుకోమ్మా, నేను సూస్తా ఉంటా" అనేవాడు.

శ్రీ సిటీ ఫ్యాక్టరీలో లేబుళ్ళు సరిచూసే పని నాది. తప్పుంటే తెర మీద కుడివైపు కింది మూలలో ఎర్ర గడి వచ్చి, క్షణంలో పోయేది. కుడిపక్క ఉన్నది తల తిప్పితే గానీ నాకు కనబడదు. ఆ సంగతి దాచి ఉద్యోగంలో చేరాను. మూడు తప్పులు వదిలేశాక, ఇంకొకటి పోతే ఇంటికేనన్నాడు సూపర్‌వైజర్.

మిషన్‌లో లోపమేమోనని అన్నను పిలిచారు. నా వెనక పది నిమిషాలు నిలబడ్డాడు. తర్వాత ఏమీ అడక్కుండా, సెట్టింగుల్లోకి పోయి గడిని ఎడమవైపు పైమూలకు మార్చాడు.

"నా ఒక్కదానికే మారిస్తే ఎందుకని అడగరా అన్నా?" అని గొణిగాను.

"అడగతారమ్మా" అంటూ పక్క మిషన్ దగ్గరికి పోయాడు.

సాయంత్రానికల్లా మా గదిలో అన్ని కంప్యూటర్లలోనూ గడి ఎడమకు వచ్చేసింది. అలవాటు తప్పి అందరూ వారంరోజులు ఆయన్ను తిట్టుకున్నారు. ఆయన ఒక్కరికీ కారణం చెప్పలేదు.